పిస్టల్ పీట్ మీద బావ, బావమరిది తగువు

1967 నుంచి 1970 దాకా అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్.ఎస్.యు.) తరఫున పీట్ మారావిచ్, ముద్దుగా పిస్టల్ పీట్, అనే కుర్రాడు మూడు సీజన్లలో 83 ఆటలు ఆడి 3,667 పాయింట్లు కొట్టాడు. ఆటకి సగటు 44.2. మగవాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి డివిజన్‌లో ఆ రెండు అంకెల్నీ ఇంతవరకూ ఎవరూ దాటలేదు. అతని జట్టు మాత్రం ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా జాతీయ ఛాంపియన్‌షిప్ టోర్నమెంటుకి వెళ్ళలేదు. ఇది గొప్ప కెరీరా, గొప్ప తమాషానా అన్నది తగువు. బావ ఒకప్పుడు యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డు, అంటే బంతి నడిపించే ఆటగాడు. బావమరిది ఆట ఆడడు, అంకెలు చదువుతాడు. రాస్తున్న నేను ఒకరికి భార్యని, ఇంకొకరికి అక్కని. ఆట సంగతిలో మా ఆయన వైపే, దాచేదేముంది. అన్ని సంగతుల్లోనూ కాదు.

బావమరిది: బావా, చిన్న ప్రశ్న. ఆ మూడేళ్ళలో ఎల్.ఎస్.యు. ఎన్ని ఆటలు గెలిచింది?

బావ: 49. ఓడింది 35. ఏడాదివారీగా కావాలంటే 14-12, 13-13, 22-10. నువ్వు అడుగుతావని తెలిసే కంఠతా పట్టాను. నువ్వు అడగనిది కూడా చెప్తా విను. పీట్ పెద్ద జట్టులోకి రాకముందు ఏడాది, 1966-67లో, అదే జట్టు మూడు గెలిచి 23 ఓడింది. అప్పట్లో మొదటి సంవత్సరం విద్యార్థుల్ని పెద్ద జట్టులో ఆడనిచ్చేవాళ్ళు కాదు. పీట్ ఆ ఏడాది పిల్లల జట్టులో ఆడాడు. అది 17 గెలిచి ఒక్కటే ఓడింది. జనం పిల్లల ఆట చూసేసి, పెద్దల ఆట మొదలయ్యే వేళకి లేచి వెళ్ళిపోయేవాళ్ళట. అదీ ఎక్కడ? పశువుల ప్రదర్శనలు, రోడియోలు జరిపే హాల్లో. ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట ఉందని ఎవరికీ పట్టని ఊళ్ళో. 3-23 జట్టుని 22-10కి తెచ్చినవాణ్ణి పట్టుకుని గెలిపించలేదంటే ఏమనాలి?

బావమరిది: తెచ్చాడు, కాదనను. ఎంత ఖర్చు పెట్టి తెచ్చాడో కూడా చూడాలిగా. ఆటకి 38 షాట్లు! మొత్తం 3,166 షాట్లు విసిరితే పడినవి 1,387. నూటికి 44 కూడా లేవు. ఆస్కార్ రాబర్ట్‌సన్‌ని చూడండి. పీట్ కంటే పదేళ్ళు ముందు, సిన్సినాటిలో. అతనికీ మూడే సీజన్లు. సగటు 33.8, విసిరిన వాటిలో సగానికి పైగా పడ్డాయి. జట్టు 79 గెలిచి తొమ్మిదే ఓడింది, రెండుసార్లు దేశంలో చివరి నాలుగు జట్లలో నిలిచింది. పీట్ బద్దలుకొట్టిన రికార్డు అతనిదే. పాయింట్లలో దాటాడు, అంతే. 1970 ఫిబ్రవరి 7న అలబామా మీద పీట్ 69 కొట్టాడు. ఆట ఎవరిది? 106-104తో అలబామాది. అదే నెలలో కెంటకీ మీద 64 కొట్టాడు. 121-105తో కెంటకీది. ఆ కెంటకీని మూడేళ్ళలో ఒక్కసారైనా ఓడించలేకపోయారు.

బావ: ఆ ఆటలో కెంటకీ తరఫున డాన్ ఇసెల్ ఎంత కొట్టాడు?

బావమరిది: 51.

బావ: 64 కొట్టడం వల్ల ఓడాడా, పక్కన ఇసెల్ లాంటివాడు ఒక్కడూ లేక ఓడాడా?

బావమరిది: లేడు సరే. ఉన్నవాళ్ళని ఎదగనిచ్చాడా? ఒకడే 38 షాట్లు విసురుతుంటే మిగతా నలుగురూ టిక్కెట్టు కొనని ప్రేక్షకులే కదా.

బావ: నువ్వు కోర్టులో నిలబడి ఉంటే ఈ మాట అనవు. గార్డు మీదకి ఇద్దరో ముగ్గురో వచ్చారంటే జట్టులో ఎవరో ఒకడు ఖాళీగా ఉన్నట్టే. ఆ ఖాళీగా ఉన్నవాడికి బంతి అందించడం పీట్‌కి వచ్చినంత బాగా ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. వీపు వెనకనుంచి, కాళ్ళ మధ్యనుంచి, అటు చూస్తూ ఇటు విసరడం. పాస్ వస్తుందని ఊహించక మొహానికి తగిలించుకున్న సహచరులున్నారు. అది వాళ్ళ తప్పని అనను, అలాంటి పాస్ అంతకుముందు వాళ్ళు చూసి ఎరగరు. జనం వదులైన పాత సాక్సులు, ఊగే జుట్టు గుర్తుపెట్టుకున్నారు. ఆ పాస్‌లని గుర్తుపెట్టుకుంది ఆటగాళ్ళు. ఈవేళ ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగులో, ఏ గార్డు చూడకుండా పాస్ ఇచ్చినా చప్పట్లు కొడుతున్నారే, అప్పట్లో దాన్ని కోతి చేష్ట అనేవాళ్ళు.

ఇక షాట్లు. పాతిక అడుగుల నుంచి వేసినా రెండే పాయింట్లు, బుట్ట కిందనుంచి వేసినా రెండే. మూడు పాయింట్ల గీత కాలేజీల్లో దేశమంతా వచ్చింది 1986-87లో. అది ఉండి ఉంటే ఇన్ని వచ్చేవి, అన్ని వచ్చేవి అని రకరకాల లెక్కలు తిరుగుతుంటాయి, వాటి జోలికి నేను పోను. జరిగింది ఒకటి చెప్తాను. ఎన్‌బీఏలో ఆ గీత 1979-80లో వచ్చింది. అది పీట్‌కి ఆఖరి సీజను, అప్పటికే మోకాలు పాడైపోయింది. ఆ గీత అవతలనుంచి 15 విసిరి 10 వేశాడు. నూటికి 44 అని నువ్వు ఈసడించిన చెయ్యి అదే.

ఇంకో మాట. ఆటకి 38 షాట్లు విసరమన్నది ఎవరు? కోచ్. కోచ్ ఎవరు? తండ్రి, ప్రెస్ మారావిచ్. పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరినుంచి వచ్చిన సెర్బియన్ కుటుంబం. ప్రెస్ తెలివితక్కువ కోచ్ కాదు, 1965లో నార్త్ కరోలినా స్టేట్‌ని వాళ్ళ కాన్ఫరెన్స్‌కి, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమికి, ఛాంపియన్‌గా నిలబెట్టినవాడు. అంత తెలిసినవాడు ఎల్.ఎస్.యు. ఉన్న బేటన్ రూజ్ వచ్చి, హాలు నిండాలంటే నా కొడుకు చేతికి బంతివ్వడమే దారి అనుకున్నాడు. ఆ నిర్ణయం కోచ్‌ది. ఓటములు కోచ్ ఖాతాలో రాయి.

బావమరిది: దొరికారు. ఓటములు తండ్రి ఖాతాలో రాస్తే పాయింట్లు కూడా ఆ ఖాతాలోనే రాయాలి కదా? రెండూ ఒక్క నిర్ణయం లోంచే వచ్చాయి. ఇంకే కోచ్ కింద ఆడినా 38 షాట్లు ఇచ్చేవాళ్ళు కాదు. కొడుకు కాకపోతే ప్రెస్ కూడా ఇచ్చేవాడు కాదు. 44.2 కావాలంటే 13-13 కూడా తీసుకోండి. ఒకటి కొడుక్కీ, ఇంకొకటి తండ్రికీ పంచడం కుదరదు.

(మా ఆయన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినట్టు రాయడం నా చేతిలో పనే, కానీ చెప్పలేదు.)

బావ: అనుమతి తండ్రిది. బుట్టలో వెయ్యడం కొడుకుది. ఇంకెవడికైనా 38 షాట్లు ఇచ్చి చూడు, మూడో ఆటకే చేతులు లేవవు. 83 ఆటల్లో 28సార్లు యాభైకి తగ్గకుండా కొట్టాడు. ఇవాళ వీడే విసురుతాడని ఎదుటి జట్టుకి, హాల్లో పల్లీలు అమ్ముకునేవాడికి కూడా తెలుసు. తెలిసి ఆపలేకపోయారు. దాన్ని నాన్న ఇచ్చిన కానుక అంటే నేనొప్పుకోను. అది సాధన. ఊహ తెలిసినప్పటినుంచీ చేసిన సాధన.

బావమరిది: సాధన అనకండి. సినిమా హాల్లో వరస చివరి సీట్లో కూర్చుని బంతి కొట్టుకునే పిల్లాడు. నాన్న కారు నడుపుతుంటే కిటికీలోంచి వంగి రోడ్డు మీద డ్రిబుల్ చేసిన పిల్లాడు. రాత్రి పక్కలోనూ బంతే. కాలేజీ ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు వెస్ట్ వర్జీనియాకి పోతానన్నాడు. ఎల్.ఎస్.యు. కాగితం మీద సంతకం పెట్టకపోతే మళ్ళీ ఇంటికి రావద్దన్నాడు తండ్రి. ఈ మాట తర్వాత పీట్ స్వయంగా చెప్పుకున్నదే. తల్లి తాగుడికి బానిసై 1974లో ఆత్మహత్య చేసుకుంది. పీట్‌నీ చాలా ఏళ్ళు తాగుడు వదల్లేదు. పసితనమంతా తీసుకుని రికార్డు ఇచ్చారు. దానికి చప్పట్లు కొట్టమంటారు మీరు.

బావ: తండ్రి అన్నాక పిల్లవాడిలో ఉన్నది బయటికి తియ్యాలా వద్దా?

బావమరిది: అందుకేగా మా మేనల్లుణ్ణి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని హాస్టల్లో పడేశారు.

బావ: ఇదెక్కడి పోలిక? వాడికి లెక్కలంటే ఇష్టం.

బావమరిది: పీట్‌కీ బాస్కెట్‌బాల్ అంటే ఇష్టమే బావా! ఇష్టం లేనివాణ్ణి అయితే ఎవరూ అంత దూరం నెట్టలేరు. పొద్దున్న అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. నెలకోసారి ఫోను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు గాలిపటం ఇస్తే ఎగరెయ్యలేదు, దారం పొడవు, కోణం చెప్పి ఎంత ఎత్తులో ఉందో లెక్కగట్టాడు.

బావ: గట్టాడా? సరిగ్గా వచ్చిందా?

బావమరిది: చూశావా అక్కా!

(చూశాను. ఆ హాస్టలు గొడవలో నేను మా తమ్ముడి వైపు. ఫారం నింపిన రోజు కూడా అటువైపే ఉన్నాను, కాకపోతే సంతకం నాదీ ఉంది. ఆ తర్వాత పావుగంట సేపు ఫీజులు, మా అత్తగారు, వాళ్ళ నాన్న అందరూ ఈ చర్చలోకి వచ్చారు. అదంతా వదిలేస్తున్నాను. మళ్ళీ లూసియానాకి లాక్కొచ్చింది తమ్ముడే.)

బావమరిది: సరే, తండ్రిని వదిలేద్దాం. ఎవరి మీద కొట్టాడు ఆ పాయింట్లు? పీట్ అభిమానులు ఈ ఒక్క ప్రశ్న దగ్గర నీళ్ళు నములుతారు. ఎల్.ఎస్.యు. ఆడింది ఆగ్నేయ కాన్ఫరెన్స్‌లో. అందులో నల్లజాతి ఆటగాడు పెద్ద జట్టులో మొదటిసారి కాలు పెట్టింది 1967లో, వాండర్‌బిల్ట్‌కి ఆడిన పెర్రీ వాలెస్. సరిగ్గా పీట్ మొదలుపెట్టిన సీజనే. ఎల్.ఎస్.యు.లో మొదటి నల్లజాతి ఆటగాడు కాలిస్ టెంపుల్ వచ్చేసరికి 1971, పీట్ అప్పటికే వెళ్ళిపోయాడు. అంటే దేశంలో మంచి ఆటగాళ్ళలో సగంమందిని గుమ్మం బయట నిలబెట్టి, లోపల ఉన్నవాళ్ళ మీద కొట్టిన రికార్డు. బయటికొచ్చి ఆడినప్పుడు ఏమైంది? 1969 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ జట్టు యూసీఎల్ఏ మీద 133-84తో చిత్తు. లూ ఆల్సిండర్, తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అయినవాడు, అప్పటికే కాలేజీ వదిలి వెళ్ళాడు. అతను లేని యూసీఎల్ఏయే 49 పాయింట్ల తేడాతో కొట్టింది. ఆల్సిండర్ మూడేళ్ళలో 88 గెలిచి రెండు ఓడాడు, మూడు ఛాంపియన్‌షిప్పులు. పీట్‌వి 1970లో ఎన్.ఐ.టి. అనే రెండో వరస టోర్నమెంట్లో రెండు గెలుపులు. సెమీఫైనల్లో మార్క్వెట్ యూనివర్సిటీ చేతిలో పడ్డారు, ఆఖరి ఆట పీట్ ఆడనే లేదు.

బావ: ఆ తలుపులు మూసినవాళ్ళు సిగ్గుపడాలి, ఒప్పుకుంటాను. ఆ కాలం రికార్డులు పుచ్చుకునేటప్పుడు ఆ సంగతి కూడా పుచ్చుకోవాల్సిందే, పీట్‌వైనా ఇంకొకరివైనా. కానీ నువ్వంటున్నది వేరు. బలహీనుల మీద కొట్టాడు కాబట్టి బలవంతుల మీద కొట్టలేడని అంటున్నావు. అది పరీక్షకి నిలవదు. 1976-77లో న్యూ ఆర్లియన్స్ జాజ్ తరఫున పీట్ సగటు 31.1, ఎన్‌బీఏ మొత్తానికి మొదటి స్థానం. ఆ లీగులో ఎవరికీ తలుపులు మూసిలేవు. 1977 ఫిబ్రవరి 25న న్యూయార్క్ నిక్స్ మీద 68 కొట్టాడు, వాల్ట్ ఫ్రేజియర్ లాంటి డిఫెండర్ ఉన్న జట్టు మీద. అప్పుడు కోచ్ తండ్రి కాదు. కాలేజీలో చూపించింది నిజం కాకపోతే ఏడేళ్ళ తర్వాత ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?

బావమరిది: ఆ జాజ్ అయినా గెలిచిందా? అతను ఉన్నన్నాళ్ళూ గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. ఆఖర్లో చేరిన బోస్టన్ జట్టు నుంచి తప్పుకున్నాడు, ఆ సీజన్లోనే బోస్టన్ ఛాంపియన్ అయింది. ఎక్కడికెళ్ళినా అదే కథ.

బావ: మాట్లాడుతున్నది కాలేజీ గురించి.

బావమరిది: ఎన్‌బీఏని తెచ్చింది మీరు!

బావ: సరే, కాలేజీలోనే ఉందాం. 2023లో డెట్రాయిట్ మెర్సీ కుర్రాడు ఆంట్వాన్ డేవిస్ 3,664 దగ్గర ఆగిపోయాడు. మూడు పాయింట్లు తక్కువ. అతనికి ఎన్ని ఆటలు పట్టాయి? 144. కరోనా వల్ల అదనంగా దొరికిన ఐదో సీజనుతో కలిపి, మూడు పాయింట్ల గీత పెట్టుకుని. పీట్ 83 ఆటల్లో కొట్టినదాన్ని అందుకోలేకపోయాడు. అతన్ని తక్కువ చెయ్యడం లేదు, అందరికంటే దగ్గరగా వచ్చినవాడు అతనే.

బావమరిది: ఐయోవా యూనివర్సిటీ అమ్మాయి కైట్లిన్ క్లార్క్ దాటిందిగా? 2024 మార్చి 3న, ఒహాయో స్టేట్ మీద, ఫ్రీ త్రోతో. 3,951 దగ్గర ముగించింది. ఐయోవాకి ఆమె ఒక్కతే స్టార్, అయినా వరసగా రెండేళ్ళు జాతీయ ఫైనల్‌కి తీసుకెళ్ళింది. రెండూ ఓడింది, కానీ ఫైనల్లో ఓడింది. పక్కన గొప్పవాళ్ళు లేకపోయినా జట్టుని ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో చూపించింది. పీట్‌కి అదే సాకు చెప్పారు మీరు.

బావ: ఆడవాళ్ళ లెక్క వేరు.

(ఇక్కడ నేను లోపల్నుంచి ఏమన్నానో రాయను.)

బావ: అంటే తక్కువని కాదు! విడి పుస్తకం అంటున్నాను. నాలుగు సీజన్లు, 139 ఆటలు. మూడు పాయింట్ల షాట్లు ఆమె ప్రాణం. ఆమె గొప్పది. పీట్‌కి ఆ నాలుగో ఏడూ లేదు, ఆ గీతా లేదు. రెండు నిజాలూ ఒకచోట ఉండకూడదా?

బావమరిది: ఉండొచ్చు. కానీ నేనడిగింది పాయింట్ల గురించి కాదు, ఫైనళ్ళ గురించి. మీరు ఎప్పుడూ పాయింట్లకే జవాబు చెప్తారు.

బావ: ఎందుకంటే నువ్వు గెలుపోటములు తప్ప ఇంకేదీ చూడవు. ఎల్.ఎస్.యు. కొత్త హాలు కట్టించింది, 1972లో తెరిచారు. అతను చనిపోయాక దానికి అతని పేరే పెట్టారు. ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టనివాడి పేరు పెట్టడానికి లూసియానా వాళ్ళు వెర్రివాళ్ళా? బాస్కెట్‌బాల్ అనేది చూడదగ్గ ఆటని ఆ రాష్ట్రానికి చెప్పింది అతనే. 1988 జనవరిలో, నలభయ్యేళ్ళకి, సరదాగా ఆడుతూ కోర్టు మీదే పడిపోయాడు. తర్వాత డాక్టర్లు చూస్తే గుండెకి ఎడమవైపు ఉండాల్సిన ధమని పుట్టుకతోనే లేదు. ఆ గుండెతో ఆటకి 38 షాట్లు!

బావమరిది: బావా, అది బాధ కలిగించే విషయం, వాదన కాదు.

బావ: ...సరే. వాదన కాదు. ఇలా చేద్దాం. కాలేజీ ఆటగాళ్ళలో ఐదుగుర్ని ఎంచుకుని నీ జట్టు కట్టు.

బావమరిది: ఆల్సిండర్. బిల్ వాల్టన్. రాబర్ట్‌సన్. ప్రిన్స్‌టన్ నుంచి బిల్ బ్రాడ్లీ. ఐదోవాడు... ఇండియానా స్టేట్ లారీ బర్డ్.

బావ: బర్డ్ తీసుకొచ్చింది ఒక్క ఫైనల్. అదీ ఓడాడు. మరి నీ జట్టులో ఎలా చేరాడు?

బావమరిది: ఊరూ పేరూ లేని కాలేజీని ఒక్క ఓటమీ లేకుండా ఫైనల్ దాకా తెచ్చాడు. 33-0.

బావ: మంచిది. బ్రాడ్లీని బెంచీ మీద కూర్చోబెట్టి అక్కడ పీట్‌ని నిలబెట్టు. లోపల ఆల్సిండర్, వాల్టన్. చేతిలో బంతి, ఎటు చూసినా ఒక దిగ్గజం. పీట్ పదిహేను షాట్లకి మించి విసరడు. మిగతావన్నీ పాస్‌లే.

బావమరిది: అది మీ ఊహ. జరిగింది 38.

బావ: జరిగింది 38. లోపల ఆల్సిండర్ లేడు కాబట్టి.

బావమరిది: ఉన్నా విసిరేవాడు. బెంచీ మీద తండ్రి ఉన్నన్నాళ్ళూ విసిరేవాడు. నా జట్టుకి కోచ్ ఎవరో చెప్పండి ముందు, అప్పుడు బ్రాడ్లీ సంగతి ఆలోచిస్తాను.